విసరక ముందు చేయవలసిన పని



గత వేసవి సెలవులలో మా అక్కయ్య కుమారుడు మా యింట నెల రోజులున్నాడు. వాడికి పదమూడేండ్లు. పగలంతా మా పిల్లలతో చెరువు గట్టు మీద తిరిగేవాడు గాని, పొద్దు వాలేసరికి మందిరపు వరండాలో స్తంభమునకు ఆనుకొని, అరచేతిలో పట్టేంత మడత పెట్టె ఒకటి తెరచుకొని కూర్చునేవాడు. ఒకనాడు మేము వాడి వెనుక నిలబడి చూచాము. చిన్న తెర మీద ఎఱుపు తెలుపు బంతి ఒకటి అటూ ఇటూ ఊగుచున్నది. వాడు ఒక బటనును ఎంత గట్టిగా నొక్కిపట్టాడంటే, బొటనవ్రేలి గోరు తెల్లబడిపోయింది. అంతలో బంతి పగిలి, లోపలి ఎలుక వంటి జీవి బయటపడింది.

"ఎందుకురా అంత గట్టిగా నొక్కుతున్నావు?" అన్నాము.

"ఎ బటను నొక్కి పట్టుకుంటే తప్పించుకోదు మామయ్యా. నాన్న కూడా అట్లాగే నొక్కేవారు" అన్నాడు.

ఆ మాటకు మేము వాడి ప్రక్కనే కూర్చున్నాము. మా బావగారు కువైట్‌లో డ్రైవరుగా పనిచేసేవారు. 2023లో గుండెపోటుతో పోయారు. ఆ పెట్టె ఆయనదే. గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్.పి. అంటారు దానిని. అక్కడ సెకండ్ హ్యాండ్‌లో కొని, పని ముగిసిన రాత్రులలో గదిలో ఆడుకొనేవారట. సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు తండ్రీకొడుకులిద్దరూ మంచం మీద బోర్లా పడుకొని ఆడేవారని అక్కయ్య చెప్పేది. అందులోని ఆట పేరు పోకేమాన్ ఫైర్ రెడ్. 2004లో వచ్చినది.

ఈ ఆటను గూర్చి మన సంఘములలో కొందరు తల్లిదండ్రులు మమ్మును అడుగుచుంటారు. "రాక్షసులను పట్టే ఆటంట గదా అయ్యగారూ, పిల్లలను ఆడనియ్యవచ్చునా?" అని. పోకేమాన్ అనగా పాకెట్ మాన్‌స్టర్, అంటే జేబులో పట్టే వింత జీవి అని మాత్రమే అర్థము. పేరు విని భయపడనక్కరలేదని మా అభిప్రాయము. ఎంతసేపు ఆడుచున్నాడు, ఎవరి డబ్బుతో ఆడుచున్నాడు అన్నవే పెద్దలు అడుగదగిన ప్రశ్నలు.

అసలు దీని పుట్టుక తెలిసికొంటే మనవంటి పల్లెవారికి కొంత దగ్గరగానే ఉంటుంది. దీనిని రూపొందించిన సతోషి తజిరి 1965లో పుట్టిన జపానువాడు. టోక్యో శివారున మచిడా అను ఊరిలో పెరిగాడు. చిన్నతనములో ఆయనకు పురుగులు పట్టుటయే పని. తరువాత ఆ చెరువులు, పొలాలు పూడిపోయి వాటి మీద కట్టడాలు లేచాయి. ఇప్పటి పిల్లలకు కూడ ఆ పట్టుకొనే సంతోషము దొరకాలని ఆయన ఈ ఆటను తలపెట్టాడు. మొదటిది 1996 ఫిబ్రవరి 27న జపానులో వచ్చింది. అందులో 151 రకాల జీవులుండెను. పేడపురుగు జాతివాటిని పట్టుటకు తోటి పిల్లలు చెట్టు బెరడుకు తేనె పూసేవారట. ఆయన మాత్రము చెట్టు క్రింద ఒక రాయి పెట్టేవాడట. అవి పగలు రాళ్ళ క్రింద నిద్రపోతాయని ఆయన గమనించాడు. తెల్లవారి రాయి ఎత్తితే చాలు.

తొలకరికి మన చేలలో ఎఱ్ఱని పట్టువలె మెరిసే ఆరుద్ర పురుగులను అగ్గిపెట్టెలో గడ్డి వేసి దాచుకొన్నవారు మనలో చాలమంది ఉన్నారు. ఎక్కడ దొరుకుతాయో, ఏ వేళకు బయటికి వస్తాయో తెలిసినవాడికే అవి దొరికేవి. పరుగెత్తిన వాడికి దొరికేవి కావు.

సరే, మా మేనల్లుని బటను సంగతికి వద్దాము. మా యౌవనస్థుల కూటమిలో డిగ్రీ చదువుచున్న ఒక కుర్రవాడు ఈ ఆటలన్నియు ఎరిగినవాడు. ఆట లోపలి లెక్కను విప్పి చూచిన ఔత్సాహికులు వ్రాసి పెట్టిన సూత్రమును అతడు తెచ్చి మాకు చూపించాడు. మేము లెక్కలలో గొప్పవారము కాము. అయినను కాగితము మీద వేసుకొని చూడగా తెలిసినది ఇది. ఈ ఫైర్ రెడ్ ఆటలో బంతి విసిరిన క్షణముననే, అది ఊగక ముందే, ఎన్నిసార్లు ఊగవలెనో, జీవి లోపల ఉండునో ఉండదో అంతయు యంత్రము లెక్క కట్టి ముగించును. ఆ తరువాత మనము చూచే ఊగుట కేవలము బొమ్మ. ఎ బటను నొక్కినను, బి బటను నొక్కినను, ఊపిరి బిగబట్టినను ఆ లెక్క మారదు. ప్రపంచమంతటా పిల్లలు నొక్కుతూనే ఉన్నారు. ఫలితము చేతిలో లేనప్పుడు చేతికి ఏదో ఒక పని కావాలి గదా.

మరి ఏది మారుస్తుంది? విసరక ముందు చేసే పనులు నాలుగు.

మొదట జీవి రకము. ప్రతి రకమునకు 3 మొదలు 255 వరకు ఒక అంకె ఉంటుంది. పిడ్జీ అనే చిన్న పక్షికి 255. పికాచుకు 190. దారికి అడ్డముగా నిద్రపోయే బండ జీవి స్నార్లాక్స్‌కు 25. ఆట అంతా అయిన తరువాత ఒక గుహ చివర ఒంటరిగా నిలబడి ఉండే మ్యూటూకు 3. ఈ అంకె మన చేతిలో లేదు.

రెండవది దాని శక్తి. పిల్లలు హెచ్.పి. అంటారు. శక్తి నిండుగా ఉన్నప్పుడు విసిరితే ఆ అంకెలో మూడవ వంతు మాత్రమే మనకు లెక్కకు వస్తుంది. సగానికి తగ్గిస్తే మూడింట రెండు వంతులు. దాదాపు ఏమీ మిగలనప్పుడు దాదాపు అంతా. ఇక్కడ మేము ఒకటి గమనించాము. శక్తి పదవ వంతుకు దిగిన పిమ్మట, ఇంకను కొట్టి చివరి చుక్క వరకు తెచ్చినందువల్ల కలిసి వచ్చేది చాల తక్కువ. ఆ ఒక్క దెబ్బ ఎక్కువై జీవి పడిపోతే మొత్తము పోతుంది. గీత ఎఱుపు రంగుకు దిగితే చాలు, ఆపివేయవచ్చును. ఎంత కొట్టినను ఒక చుక్క మిగిల్చే దెబ్బ ఒకటున్నది, ఫాల్స్ స్వైప్ అంటారు. అది తెలిసిన జీవి మన జట్టులో ఉంటే భయమే లేదు.

మూడవది దాని స్థితి. నిద్రపోయినా, గడ్డకట్టినా అవకాశము రెండింతలు. పక్షవాతము, విషము, కాలిన గాయము అయితే ఒకటిన్నర రెట్లు. విషము, గాయము ఒక్కొక్క విడతకు శక్తిని తినివేస్తాయి గనుక, మనము బంతులు విసురుచుండగానే జీవి చనిపోయినట్లు పడిపోవచ్చును. కనుక నిద్రయే మేలు. మేల్కొంటే మళ్ళీ నిద్రపుచ్చాలి, అంతే. ఆబ్రా వంటిదయితే వేరు. అది మొదటి విడతలోనే మాయమయ్యే జీవి. దానిని కొట్టుచు కూర్చుంటే కాదు, ముందే నిద్రపుచ్చాలి, లేదా మొదటనే బంతి విసరాలి.

నాలుగవది బంతి. మామూలు పోకే బాల్ ధర ఆటలోని డబ్బులో 200. గ్రేట్ బాల్ 600, దాని ఫలము ఒకటిన్నర రెట్లు. అల్ట్రా బాల్ 1200, ఫలము రెండు రెట్లు. ఆరు రెట్లు ధర పెట్టి రెండు రెట్లు ఫలము కొంటున్నామన్న మాట. చిన్న జీవులకు అల్ట్రా బాల్ విసరుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే. ఎన్నడూ తప్పని మాస్టర్ బాల్ ఈ ఆటలో ఒక్కటే ఇస్తారు. బావగారు దానిని ఎప్పుడో మరి దేనికో వాడివేశారట. దేనికో వాడు ఎంత అడిగినా ఆయన నవ్వేవారే గాని చెప్పలేదట!

ఈ నాలుగూ కలిస్తే ఏమగునో పికాచుతో చూడండి. నిండు శక్తితో ఉన్నప్పుడు పోకే బాల్ విసిరితే నాలుగింట ఒకసారికి కొంచెము ఎక్కువగా దొరుకుతుంది. శక్తి తగ్గించి విసిరితే నాలుగింట మూడుసార్లు. నిద్ర కూడ పుచ్చితే ఇక తప్పదు. స్నార్లాక్స్‌కు అదే పోకే బాల్ ఊరకే విసిరితే ముప్పదికి ఒకసారి. శక్తి తగ్గించి, నిద్రపుచ్చి, అల్ట్రా బాల్ విసిరితే అయిదింట రెండుసార్లు.

ఆటలో సఫారీ జోన్ అని ఒక తోట ఉన్నది. 500 కట్టి లోపలికి వెళితే 30 బంతులిస్తారు. అక్కడ కొట్టుట లేదు, నిద్రపుచ్చుట లేదు. రాయి విసరవచ్చును, మేత వేయవచ్చును. రాయి విసిరితే దొరికే అవకాశము పెరుగుతుంది, పారిపోయే అవకాశమూ పెరుగుతుంది. మేత వేస్తే పారిపోయే అవకాశము తగ్గుతుంది గాని పట్టుబడుట కష్టమవుతుంది. మేత పెట్టినవాడికే దొరకాలని మేము అనుకొన్నాము. మా మేనల్లుడు నవ్వాడు. ఆ నెలలో వాడు నవ్వగా మేము చూచిన మొదటిసారి అది.

ఫోనులో వచ్చే పోకేమాన్ గో వేరే సంగతి. అది 2016 జూలైలో మొదలై, అదే యేడు డిసెంబరులో మన దేశమునకు వచ్చింది. అందులో జీవితో పోరాటము లేదు. విసిరే నేర్పు లెక్కకు వస్తుంది. బంతిని గుండ్రముగా త్రిప్పి విసిరితే 1.7 రెట్లు, రాజ్ బెర్రీ అనే పండు తినిపిస్తే ఒకటిన్నర రెట్లు. జీవి చుట్టూ వలయము ఆకుపచ్చగా ఉంటే సులభము, ఎఱ్ఱగా ఉంటే కష్టము. అయితే అందులో అసలు డబ్బుతో నాణెములు కొని, వాటితో బంతులు కొనవచ్చును. పండు వేయుట, త్రిప్పి విసరుట నేర్చుకోని పిల్లవాడు ఆ లోటును మీ బ్యాంకు ఖాతాతో పూడ్చును. రోడ్డు మీద నడుస్తూ తెర చూడవద్దని కూడ వారికి గట్టిగా చెప్పండి.

ఇంతవరకు వచ్చాక మా మేనల్లుడు అసలు సంగతి బయటపెట్టాడు.

ఆ ఆటలో ఒక్కటే సేవ్ ఉంటుంది. అనగా ఎక్కడ ఆపామో అక్కడి గుర్తు ఒక్కటే. బావగారు చివరిసారి కువైట్ వెళ్ళక ముందు మ్యూటూ ఎదుట నిలబడి సేవ్ చేసి, "ఈసారి వచ్చినప్పుడు ఇద్దరము కలిసి పడదాము" అని చెప్పి వెళ్ళారట. అప్పటినుండి వీడు ఆ ఆట ఆడుతూనే ఉన్నాడు గాని ఒక్కసారి కూడ సేవ్ చేయలేదు. ఎలుకలను పట్టడము, ఆపివేయడము. మళ్ళీ తెరిస్తే నాన్న నిలబెట్టిన చోటే, ఆ గుహలోనే, సంచిలో నాన్న కొన్న 17 అల్ట్రా బాల్స్‌తో. మ్యూటూ మీద మాత్రము ఒక్కటి కూడ విసరలేదు.

"విసిరితే అయిపోతాయి గదా మామయ్యా" అన్నాడు.

మాకు వెంటనే జవాబు తోచలేదు. మా శ్రీమతి లోపలినుండి మజ్జిగ తెచ్చి ఇచ్చి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

మరునాడు కాగితము మీద లెక్క వేశాము. నిండు శక్తితో ఉన్న మ్యూటూకు పోకే బాల్ విసిరితే ఇంచుమించు 240లో ఒకటి. అల్ట్రా బాల్ అయితే 120లో ఒకటి. శక్తి తగ్గించి, నిద్రపుచ్చి అల్ట్రా బాల్ విసిరితే సుమారు 23లో ఒకటి. 17 బంతులూ విసిరితే దొరికే అవకాశము సగానికి కొంచెము ఎక్కువ. 23లో ఒకటి అనగా 23వ బంతికి తప్పక దొరుకునని కాదని కూడ వాడికి చెప్పవలసి వచ్చింది. ఇరవై విసిరి తప్పినవాడికి ఇరవై ఒకటవది ఏ మాత్రము దగ్గర కాదు. బంతి మూడుసార్లు ఊగి చివరలో పగిలిపోతే "కొద్దిలో తప్పింది" అనుకొంటాము. ఆ కొద్ది తరువాతి బంతికి చేరదు. ప్రతి బంతికీ అదే మొదలు.

"మరి నాన్న బటను నొక్కేవారు గదా. నాన్నకు తెలియదా?" అన్నాడు. వాడి మనస్సులో ఉన్నది ఇదేనని అప్పుడు అర్థమయింది.

"జట్టులో ఏమేమి ఉన్నాయో చూపించు" అన్నాము. చూపించాడు. ఆరింటిలో ఒకటి పారాసెక్ట్, వీపు మీద పుట్టగొడుగు మొలచిన పురుగు. దానికి స్పోర్ తెలుసు. తప్పక నిద్రపుచ్చే బూజుపొడి అది. మరొకటి సైథర్, కొడవళ్ళ వంటి చేతులున్నది. సఫారీ తోటలో దొరికేది. దానికి ఫాల్స్ స్వైప్ తెలుసు. మా డిగ్రీ కుర్రవాడు తెర వంక చూచి, "ఈ రెండూ కావాలని తయారుచేసుకొన్నవే అయ్యగారూ" అన్నాడు. నిద్రపుచ్చేది ఒకటి, చుక్క మిగిల్చేది ఒకటి. బావగారు బటను నొక్కేది కొడుకు నొక్కుచున్నాడు గనుకనేమో. పని మాత్రము ముందే చేసిపెట్టి ఉంచారు.

వాడు చాలసేపు ఆ జట్టు వంక చూచాడు. తరువాత వాడే ఒక ఉపాయము చెప్పాడు. కొత్తగా బంతులు కొంటాడట. కాని సంచిలో అల్ట్రా బాల్స్ అన్నీ ఒకే అంకెలో కలిసిపోతాయి. ఏవి నాన్నవో ఏవి తనవో తెలియవు. కనుక 23 కొని 40 చేసి, అంకె 17కు దిగగానే ఆపివేస్తాడట. 23 బంతులకు అవకాశము నూటికి సుమారు 64 అని మేము లెక్క చెప్పాము. "చాలు" అన్నాడు.

శనివారము ఉదయమునుండి కూర్చున్నాడు. గుహ బయటికి వచ్చి, దారిలో ఇదివరకు ఓడించిన ఆటగాళ్ళతో మళ్ళీ పోటీపడి, 23 బంతులకు కావలసిన 27,600 కూడబెట్టాడు. మధ్యలో సేవ్ చేయకూడదు గదా, అందుకని పెట్టె ఆపలేదు. మధ్యాహ్నము కరెంటు పోయింది గాని బ్యాటరీ నిలిచింది. సాయంకాలము తిరిగి గుహలోనికి వెళ్ళి, నాన్న నిలబెట్టిన ఆ గడిలోనే నిలబడి, మా వంక ఒకసారి చూచి, సేవ్ చేశాడు. రెండేండ్ల తరువాత మొదటిసారి.

ఆ రాత్రి దొరకలేదు. అంకె 40 నుండి 17కు వచ్చింది. వాడు ఆపి, మళ్ళీ తెరిచాడు. మళ్ళీ 40.

మరునాడు ఆదివారము, ఆరాధన అయి భోజనములైన తరువాత మళ్ళీ మొదలుపెట్టాడు. సైథర్‌తో చుక్క మిగిల్చాడు, పారాసెక్ట్‌తో నిద్రపుచ్చాడు. మధ్యలో రెండుసార్లు మేల్కొన్నది, రెండుసార్లు మళ్ళీ నిద్రపుచ్చాడు. విసిరిన ప్రతిసారి పెట్టెను వడిలో పెట్టి చేతులు తీసివేసేవాడు. పదునాలుగవ బంతి మూడుసార్లు ఊగి, టక్కుమని ఆగిపోయింది. వాడు కేకలు వేయలేదు. మా పిల్లలే వేశారు.

సంచిలో 26 మిగిలాయి. సేవ్ చేసి, వాళ్ళమ్మకు ఫోను కలపమన్నాడు. వీడియోలో పెట్టెను తెర దగ్గరగా పెట్టి చూపించాడు. మ్యూటూ వివరముల పుటలో దానిని పట్టినవారి పేరు ఉంటుంది. ఆట మొదలుపెట్టినవారి పేరే అక్కడ పడుతుంది. అక్కయ్య ముందు బొమ్మను చూచి, "ఏందిరా ఇది, పిల్లిలాగుంది" అన్నది. తరువాత క్రింది అక్షరములు కూడబలుక్కొని చదివింది. బావగారి పేరు.